ఆ స్టిక్కర్ మాకూ ఒకటి ఇవ్వండి

ఆడవాళ్లకు స్లింగ్ ఆపరేషన్లు చేసే గైనకాలజిస్టులకు, యూరాలజిస్టులకు, వారి వృత్తి సంఘాల పెద్దలకు బహిరంగ లేఖ

డాక్టర్ గార్లకు నమస్కారం.

నేను ఇరవై రెండేళ్లు ఆపరేషన్ థియేటర్లో నర్సుగా పనిచేశాను. దగ్గినా తుమ్మినా మూత్రం పడిపోకుండా మూత్రనాళం కింద ఊయలలా వేసే ప్లాస్టిక్ వల (మెష్) పట్టీనే టేపు అంటాం, అది వేయడమే స్లింగ్ ఆపరేషన్. లిస్టులో స్లింగ్ కేసు ఉన్న రోజున టేపు ప్యాకెట్ విప్పి మీకు అందించేది మాలాంటి వాళ్లమే. ఆ ప్యాకెట్‌లో టేపుతో పాటు చిన్న స్టిక్కర్లు కూడా వస్తాయి. టేపు పేరు, తయారు చేసిన కంపెనీ, బ్యాచ్ నంబరు, గడువు తేదీ వాటి మీద ఉంటాయి. ఒకటి కేస్ షీట్‌లో అంటించేదాన్ని, ఒకటి థియేటర్ రిజిస్టర్‌లో అంటించేదాన్ని, ఒకటి స్టోర్ వాళ్లకు ఇచ్చేదాన్ని. మిగిలినవి ప్యాకెట్‌తో పాటే చెత్తబుట్టలో పడేవి. ఇన్నేళ్లలో ఒక్క స్టిక్కర్ అయినా, టేపు వేయించుకున్న మనిషి చేతికి ఇచ్చిన గుర్తు నాకు లేదు. ఇవ్వాలని నాకు తోచనూ లేదు. తర్వాత నాకే ఆ టేపు వేశారు. చెత్తబుట్టలో పడేసిన ఆ కాగితం ముక్క విలువ నాకు అప్పుడు తెలిసింది.

స్లింగ్ ఆపరేషన్ చేయొద్దని చెప్పడానికి నేను ఈ లేఖ రాయడం లేదు. దగ్గితే, తుమ్మితే, నవ్వితే, బరువెత్తితే మూత్రం పడిపోయే బాధ నాకు తెలుసు. ఎక్కడికి వెళ్లినా ముందు బాత్రూం ఎక్కడుందో చూసుకోవాలి. నలుగురిలో నిలబడితే వాసన వస్తోందేమోనని టెన్షన్. అలాంటి వాళ్లు ఆపరేషన్ అయిన మర్నాడు దగ్గి చూసుకుని, తడి లేదని కళ్లనీళ్లు పెట్టుకోవడం నేను వార్డులో చూశాను. ఆ కన్నీళ్లు అబద్ధం కావు. 2010లో అచ్చయిన టోమస్ అనే పెద్ద అధ్యయనంలో 597 మంది ఆడవాళ్లకు టేపు వేసి ఏడాది తర్వాత పరీక్షించారు. పొత్తికడుపు కింద ముందున్న ఎముక వెనక నుంచి వేసినా, గజ్జల గుండా వేసినా ప్రతి పది మందిలో ఎనిమిది మంది దాకా పరీక్షల్లో బాగున్నట్టే తేలింది. మీ పనితనానికి అది నిదర్శనం. కటి కండరాల వ్యాయామం కనీసం మూడు నెలలు సరిగ్గా చేయించి, అప్పటికీ తగ్గకపోతే ఆపరేషన్ గురించి మాట్లాడే డాక్టర్లంటే నాకు ఇప్పటికీ గౌరవమే.

నా బాధంతా 'అరుదు' అనే మాటతో. కన్సెంట్ ఫారం మీద సంతకం పెట్టించుకునేటప్పుడు వినిపించే మాట అది. "కొన్ని అరుదైన ఇబ్బందులు ఉండొచ్చమ్మా" అంటారు, పేజీ తిప్పుతారు. ఆ ఇబ్బందులేమిటో, ఎన్నేళ్లకు వస్తాయో, ఒంట్లో ఎక్కడ వస్తాయో ఎవరూ చెప్పరు. ఏళ్లు గడిచాక అదే మాట మళ్లీ ఎదురవుతుంది. "టేపు వల్ల ఇలా రావడం చాలా అరుదు, మీది అది అయ్యుండదు" అంటారు. ఆపరేషన్‌కు ముందు మాకు ధైర్యం చెప్పడానికి వాడిన మాటనే, ఆ తర్వాత మేం చెప్పేది వినకుండా ఉండటానికి కూడా వాడుతున్నారు.

నా సంగతి చెబుతాను. టేపు వేయించుకుని పదకొండేళ్లయింది. మొదటి నాలుగేళ్లు ఏ బాధా లేదు. ఐదో ఏట యూరిన్ ఇన్ఫెక్షన్లు మొదలయ్యాయి. మంట, చలిజ్వరం, యాంటీబయాటిక్ కోర్సు, రెండు నెలలు బాగుండటం, మళ్లీ మంట. ఒక డాక్టర్ గారు నెలసరి ఆగిపోయిన వయసు వల్ల అన్నారు. ఇంకొకరు షుగర్ టెస్ట్ రాశారు, అది బాగానే ఉంది. నీళ్లు సరిగా తాగుతున్నారా అని అందరూ అడిగారు. కింద ఎప్పుడైనా ఆపరేషన్ అయిందా అని ఒక్కరూ అడగలేదు. నేనూ చెప్పలేదు. నర్సునై ఉండి కూడా ఆ రెండింటినీ కలిపి చూడలేదు. మూత్రం పడిపోవడం ఆగిపోయింది కాబట్టి టేపు తన పని తాను చేస్తోందనే అనుకున్నాను.

రెండేళ్లకు స్కానింగ్‌లో మూత్రాశయంలో రాయి కనిపించింది. గొట్టం వేసి రాయిని పొడి చేసి తీశారు. పద్నాలుగు నెలల్లో మళ్లీ అక్కడే రాయి. రెండోసారి చూసిన యూరాలజిస్టు స్కానింగ్ చేస్తూ నన్ను పక్కకు తిరగమన్నారు. మామూలు రాయి అయితే మనిషి తిరిగినప్పుడు అదీ దొర్లుతుంది. నాది కదల్లేదు. గోడకు అతుక్కున్నట్టు అక్కడే ఉంది. ఆయన ప్రోబ్ పక్కన పెట్టి, "అమ్మా, మీకు ఎప్పుడైనా టేపు గానీ మెష్ గానీ వేశారా?" అని అడిగారు. ఏడేళ్లకు పైగా గడిచాక నన్ను ఎవరైనా అడిగిన మొదటి సరైన ప్రశ్న అది.

వేశారన్నాను. ఏ టేపు అన్నారు. తెలియదన్నాను. టీవీటీయా, టీఓటీయా అన్నారు. అంటే, ముందున్న ఎముక వెనక నుంచి పొట్ట మీదికి లాగారా, గజ్జల గుండా లాగారా అని. వెన్నుకు మత్తిచ్చారు, తెర అవతల ఏం జరిగిందో నాకెలా తెలుస్తుంది? నా డిశ్చార్జ్ కాగితంలో 'స్లింగ్ ఆపరేషన్ జరిగినది' అని ఒకే ఒక్క ముక్క ఉంది. టేపు వేసిన ఆసుపత్రికి వెళ్లి అడిగితే, అంత పాత కేస్ షీట్లు ఇప్పుడు లేవన్నారు. వందల స్టిక్కర్లు నా చేత్తో అంటించాను. నా స్టిక్కర్ మాత్రం ఈ లోకంలో ఎక్కడా లేదు.

సిస్టోస్కోపీలో, అంటే మూత్రాశయంలోకి కెమెరా గొట్టం పంపి చూస్తే, టేపు అంచు మూత్రాశయం గోడలోంచి లోపలికి పొడుచుకు వచ్చి ఉంది. దాని చుట్టూనే రాయి కట్టింది. మూత్రంలో ఉండే లవణాలు అలాంటి బయటి వస్తువు దొరికితే దాని మీద పేరుకుంటాయి. క్రిములు కూడా ఆ దారాల మీద పొరలా పట్టుకుని మందులకు లొంగకుండా దాక్కుంటాయి. కాబట్టి రాయిని ఎన్నిసార్లు పగలగొట్టినా, టేపు ఉన్నంతకాలం అది మళ్లీ కడుతూనే ఉంటుంది. మొదటిసారి రాయి తీసినప్పుడే ఈ సంగతి తెలిసి ఉంటే నాకు ఒక ఆపరేషన్, ఏడాదికి పైగా బాధ తప్పేవి.

సూది దూరేటప్పుడు మూత్రాశయానికి రంధ్రం పడటం అంత అరుదేమీ కాదని మీకు నాకంటే బాగా తెలుసు. టోమస్ అధ్యయనంలో ఎముక వెనక దారిలో వేసిన వాళ్లలో సుమారు 5 శాతం మందికి అలా పడింది. అక్కడే సిస్టోస్కోపీ చేసి చూసుకుంటే సూదిని వెనక్కి తీసి, మళ్లీ సరిగా వేసి, ఒకటి రెండు రోజులు క్యాథెటర్ ఉంచితే సరిపోతుంది. చూడకుండా వదిలేస్తే నాకు జరిగినట్టు జరగొచ్చు. నాకు ఆ రోజే రంధ్రం పడిందా, లేక టేపు ఏళ్ల తరబడి ఒరుసుకుంటూ లోపలికి వచ్చిందా అనేది ఇక ఎప్పటికీ తేలదు. తేల్చే కాగితం లేదు. ఆ రోజు నా ఆపరేషన్ చేసిన డాక్టర్ గారి మీద నింద వేయడానికి నా దగ్గర ఆధారమూ లేదు, వేయాలన్న కోరికా లేదు.

నాది ఒక రకం. థియేటర్లో నేను చూసిన ఇంకొకావిడ సంగతి చెప్పకుండా ఉండలేను. ఆవిడ తొడలో చీముగడ్డతో వచ్చింది. కుంటుతూ నడుస్తోంది, తొడ లోపలి వైపు ఎర్రగా, రాయిలా గట్టిపడింది. కోసి చీము తీసి పంపించారు. రెండు నెలలకు మళ్లీ వచ్చింది, మళ్లీ కోశారు. మూడోసారి వచ్చినప్పుడు బట్టలు మారుస్తున్న మా ఆయాకు ఆవిడ చెప్పింది, కింద నుంచి కూడా వాసనతో చీములా పోతోందని. ఆయా వచ్చి చెప్పకపోతే నాలుగోసారి కూడా తొడే కోసేవాళ్లేమో. గజ్జల గుండా వేసిన టేపు యోని గోడను చీల్చుకుని కొంచెం బయటపడింది. అక్కడి క్రిములు టేపు వెంబడే, దారం పట్టుకుని పాకినట్టు, తొడ కండరాల్లోకి వెళ్లాయి. టేపు తీశాక గానీ ఆ పుండు మానలేదు. ఆవిడ మొదట వెళ్లింది ఎముకల డాక్టర్ దగ్గరికి. తప్పు ఎవరిది? తొడ వాచిందని వచ్చిన మనిషిని, నీకు మూత్రం పడిపోయేదా, దానికి ఏదైనా చేయించుకున్నావా అని అడగాలని ఎవరికి తోస్తుంది? ఆవిడ దగ్గర ఒక కార్డు ఉంటే ఎవరికైనా తోచేది.

ఇలాంటి ఇన్ఫెక్షన్ కొందరిలో చర్మం కింద పొరలను కుళ్లబెట్టేంత వేగంగా పాకిన కేసులు వైద్య పత్రికల్లో ఉన్నాయి. ముందున్న ఎముకకు చీము పట్టిన కేసులూ ఉన్నాయి. అవి చాలా తక్కువ. అయినా ఆ గంటల్లో డాక్టర్‌కు టేపు సంగతి తెలియడానికీ తెలియకపోవడానికీ మధ్య ఒక ప్రాణం ఉంటుంది.

పేగు సంగతి ఇంకా భయపెడుతుంది. అంతకుముందు సిజేరియనో, గర్భసంచి ఆపరేషనో అయిన వాళ్లకు కొందరిలో పేగు ముందువైపు ఎముక వెనక అతుక్కుపోయి ఉంటుంది. టీవీటీ సూది చూపు లేకుండా, చేతి అంచనాతో ఆ ఎముక వెనక నుంచి పైకి వెళ్తుంది. సిస్టోస్కోపీలో మూత్రాశయం కనిపిస్తుంది గానీ పేగు కనిపించదు. చిన్న ఆపరేషనే కదా అని సాయంత్రానికి ఇంటికి పంపేస్తారు. ఇంట్లో రెండు రోజుల తర్వాత పొట్ట ఉబ్బి, వాంతులై, జ్వరం వస్తే అది మత్తు వల్లో గ్యాస్ వల్లో అనుకుంటారు. పేగుకు రంధ్రం పడో, పెద్ద రక్తనాళం తెగో, ఈ ఆపరేషన్ తర్వాత ప్రాణాలు పోయిన సందర్భాలు వైద్య చరిత్రలో నమోదయ్యాయి. ఎముక వెనక ఖాళీలో రక్తం చేరితే బయటికి ఒక్క చుక్క కూడా కనిపించకపోవచ్చు. పొత్తికడుపులో బరువు, నాడి పరుగెత్తడం, కళ్లు తిరగడం, మూత్రం రాకపోవడం, ఇవే ఆనవాళ్లు. ఈ నాలుగు మాటలు ఒక కాగితం మీద రాసి, ఏ వేళకైనా ఎత్తే ఫోన్ నంబరు కింద రాసి ఇవ్వడానికి ఎంతసేపు పడుతుంది?

కొన్ని ఇబ్బందులు ఆడవాళ్లు నోరు విప్పి చెప్పుకోలేనివి. భార్యాభర్తలు కలిసినప్పుడు ఆమెకు నొప్పి రావచ్చు. యోనిలో బయటపడిన టేపు అంచు భర్తకు గుచ్చుకోవడమే మొదటి ఆనవాలైన కేసులు ఎన్నో ఉన్నాయి. ఆ మాట డాక్టర్ ముందు ఎవరు చెబుతారు? మీరు అడిగితే తప్ప చెప్పరు. అడగకపోతే దాన్ని ఇంట్లో గొడవగానే మోస్తారు. 2022లో అచ్చయిన ఒక బ్రిటన్ అధ్యయనంలో చిన్న స్లింగ్‌ను, అంటే పొట్టి టేపును, మామూలు స్లింగ్‌తో పోల్చారు. మూడేళ్లకు మూత్రం అదుపు రెండింటిలోనూ ఇంచుమించు ఒకేలా ఉంది. కలయికలో నొప్పి మాత్రం చిన్న స్లింగ్ వేసుకున్న వాళ్లలో 11.7 శాతం మందికి, మామూలు స్లింగ్ వేసుకున్న వాళ్లలో 4.8 శాతం మందికి ఉంది. వాళ్లు అడిగారు కాబట్టే ఆ అంకె బయటికి వచ్చింది.

నరాల నొప్పి ఇంకో రకం. గజ్జలో, తొడ లోపల తిమ్మిరి, మంట, కూర్చోలేకపోవడం. టోమస్ అధ్యయనంలో నరాలకు సంబంధించిన ఇబ్బందులు గజ్జల దారిలో 9.4 శాతం, ఎముక వెనక దారిలో 4 శాతం. మూత్రం రాక మళ్లీ ఆపరేషన్ అవసరమైంది మాత్రం ఎముక వెనక దారిలో 2.7 శాతం మందికి, గజ్జల దారిలో ఒక్కరికీ లేదు. ఏ దారి మంచిదని అడిగితే ఒక్క మాటలో జవాబు చెప్పే వీలు లేదు. ఏ దారిలో వేశారనేది తెలిస్తేనే ఏ ఇబ్బంది కోసం చూడాలో తెలుస్తుంది. అందుకే ఆ ఒక్క ముక్క మాకు అంత అవసరం.

మూత్రం పూర్తిగా రాని వాళ్లను చూశాను. ముందుకు బాగా వంగితే గానీ, లేచి నిలబడితే గానీ రాదు. వాళ్లు దాన్ని కొత్త అలవాటు అనుకుంటారు, జబ్బు అనుకోరు. టేపు ఉందని తెలియని డాక్టర్ దగ్గరికి వెళ్తే, మూత్రనాళం ఇరుకైందనుకుని దాన్ని సాగదీసే ప్రమాదం ఉంది. బిగుతుగా ఉన్న టేపు మీద అలా సాగదీస్తే అది మూత్రనాళాన్ని కోసుకుంటూ లోపలికి పోవచ్చు. అది మీకు పాఠంలో చెప్పిన విషయమే. టేపు ఉందనే విషయం మాత్రం ఆ గదిలో ఎవరికీ తెలియదు.

రోగికే తెలియకపోవడం ఎలా కుదురుతుందని మీలో కొందరికి అనిపించవచ్చు. గర్భసంచి తీసేటప్పుడే, పనిలో పనిగా స్లింగ్ కూడా వేసిన కేసులు నేను చాలా చూశాను. అలాంటి వాళ్లను ఏం ఆపరేషన్ అయిందని అడిగితే గర్భసంచి ఆపరేషన్ అనే చెబుతారు. అది నిజమే. అబద్ధం చెప్పడం లేదు. తమ ఒంట్లో ఒక సెంటీమీటరు వెడల్పున ప్లాస్టిక్ పట్టీ జీవితాంతం ఉంటుందని వాళ్లకు అర్థమయ్యేలా ఎవరూ చెప్పలేదు. పాలీప్రొపిలీన్ అని చెబితే ఎవరికి అర్థమవుతుంది? కండ అందులోంచి అల్లుకుని పెరుగుతుందని, కాబట్టి ఏళ్ల తర్వాత తీయాలంటే కుట్టు దారం లాగినంత తేలిక కాదని చెప్పాలి కదా.

ఇక లెక్కల సంగతి. దీని గురించి మీతో కొంచెం గట్టిగానే మాట్లాడాలి. "నా చేతుల్లో ఇలాంటివి ఒక్కటీ రాలేదు" అని మీలో చాలామంది నిజాయితీగా అంటారు. నేను పనిచేసిన చోట కూడా ఆ మాట విన్నాను. తొడలో చీము పట్టిన ఆవిడ టేపు వేసిన డాక్టర్ దగ్గరికి తిరిగి వెళ్లలేదు. నేనూ వెళ్లలేదు. ఆ ఇద్దరు డాక్టర్ల లెక్కలో మేం ఈ రోజుకీ బాగైన వాళ్లమే. తిరిగి రాని మనిషిని బాగైన మనిషిగా రాసుకుంటే ఎవరి లెక్కలోనైనా ఇబ్బందులు అరుదుగానే ఉంటాయి.

600 మందితో, ఏడాదో రెండేళ్లో నడిచే అధ్యయనంలో వెయ్యిలో ఒకరికి, పదో ఏట వచ్చేది కనిపించదు. ఇంగ్లండ్‌లో ఆసుపత్రుల రికార్డులన్నీ కలిపి చూశారు కాబట్టి ఒక నిజం తేలింది. 2006 నుంచి 2015 దాకా మెష్ స్లింగ్ వేయించుకున్న 95,057 మందిని తీసుకుంటే, ఏడాదిలోపు టేపు తీయించుకున్న వాళ్లు 1.4 శాతం, తొమ్మిదేళ్లకు 3.3 శాతం. ఈ అంకెను మీరు రెండు రకాలుగానూ చదవొచ్చు. నూటికి తొంభై ఆరు మందికి పైగా టేపు తీయించుకోలేదని ఊరట పడవచ్చు. మొదటి ఏడాది తర్వాత ఆ సంఖ్య రెట్టింపు కంటే ఎక్కువైందని, మీరు చివరిసారి మమ్మల్ని చూసే ఆరు వారాల తర్వాతే అసలు కథ నడుస్తోందని కూడా చదవవచ్చు. పైగా ఇది తీయించుకున్న వాళ్ల లెక్క మాత్రమే. నొప్పితోనే బతుకుతున్న వాళ్లు ఇందులో లేరు.

టేపులన్నీ ఒకటి కావన్న సంగతి కూడా గుర్తు చేస్తాను. స్వీడన్‌లో ఉల్ఫ్ ఉల్మ్‌స్టెన్ 1990లలో ఈ పద్ధతి తెచ్చినప్పటి నుంచి ఎన్నో రకాలు వచ్చాయి. ప్రోటెజెన్ అనే స్లింగ్‌ను 1999లో కంపెనీయే వెనక్కి తీసుకుంది. గజ్జల గుండా వేసే ఒక రకం టేపు రంధ్రాలు మరీ సన్నగా ఉండటంతో చీముగడ్డలు ఎక్కువై, 2000ల మధ్యలో అమ్మకాలు ఆగిపోయాయి. అలాంటిదేదో తన ఒంట్లో ఉందో లేదో ఆ టేపు వేసుకున్న ఆడమనిషికి ఎలా తెలియాలి? కారుకు బ్రేకులో లోపముంటే నంబరు చూసి పిలిపిస్తారు. మా ఒంట్లో ఉన్నదానికీ నంబరు ఉంది. అది మా దగ్గర లేదు, అంతే.

కొన్ని దేశాల్లో ఇది ఎక్కడిదాకా వెళ్లిందో మీకు తెలుసు. ఇంగ్లండ్‌లో 2018 జులైలో మూత్రం జారడానికి వేసే మెష్ టేపులను ఆపి ఉంచారు. బారోనెస్ జూలియా కంబర్లెజ్ నాయకత్వంలో జరిగిన సమీక్ష 2020 జులైలో నివేదిక ఇచ్చింది. ఏళ్ల తరబడి ఆడవాళ్లు చెప్పిన నొప్పిని వ్యవస్థ కొట్టిపారేసిందని అందులో తేల్చారు. ఎవరికి ఏ పరికరం వేశారో రాసే రిజిస్టర్ పెట్టాలన్నారు. న్యూజిలాండ్ 2023లో ఈ టేపులకు విరామం ఇచ్చింది. అమెరికాలో 2019లో వచ్చిన నిషేధం మాత్రం గర్భసంచి, మూత్రాశయం జారినప్పుడు యోని ద్వారా వేసే మెష్‌కు సంబంధించింది, స్లింగ్‌కు కాదు. ఈ రెండింటినీ కలిపేసి భయపెట్టడం నాకు ఇష్టం లేదు. అలాగే, అది మా స్లింగ్ గురించి కాదు కదా అని మీరు తప్పుకోవడం కూడా నాకు ఇష్టం లేదు. ఆ దేశాల్లో ఆపరేషన్లు ఆగేదాకా ఎందుకు వచ్చింది? లెక్క రాయలేదు, చెప్పింది వినలేదు. ముందే రాసి, విని ఉంటే, ఈ ఆపరేషన్ నిజంగా అవసరమైన ఆడవాళ్లకు కూడా ఇవాళ ఆ దారి మూసుకుపోయేది కాదు.

ఇవన్నీ చెబితే ఆడవాళ్లు భయపడి ఆపరేషన్ మానుకుంటారని ఒక పెద్ద డాక్టర్ గారు నాతో అన్నారు. కొందరు మానుకోవచ్చు. కొందరు ఇంకొన్నాళ్లు వ్యాయామం చేస్తామంటారు. కొందరు ప్లాస్టిక్ వద్దు, నా ఒంట్లోంచే పొర తీసి స్లింగ్ వేయండి అంటారు. దానికీ పొట్ట మీద పెద్ద కోత, ఎక్కువ రోజులు మూత్రం రాని ఇబ్బంది, కోసిన చోట హెర్నియా లాంటివి ఉంటాయని అప్పుడు చెప్పండి. చాలామంది అన్నీ విని కూడా టేపే వేయమంటారు. ఇవన్నీ నాకు ముందే చెప్పి ఉంటే నేనూ బహుశా వేయమనే అనేదాన్ని. కానీ ఐదో ఏట మొదటి మంట వచ్చినప్పుడు, ఇది దాని వల్లేమోనని నేనే మీ తలుపు తట్టి ఉండేదాన్ని. తెలిసిన మనిషి భయంతో పారిపోదు డాక్టర్ గారూ, త్వరగా వస్తుంది.

అందుకే అడుగుతున్నాను. టేపు స్టిక్కర్ ఒకటి ఆమె చేతికి ఇవ్వండి. దాని పక్కన ఏ దారిలో వేశారో, సిస్టోస్కోపీ చేశారో లేదో, తేదీతో ఆమెకు వచ్చిన భాషలో రెండు వాక్యాలు రాయండి. మూత్రంలో రక్తం, మళ్లీ మళ్లీ ఇన్ఫెక్షన్, తొడలో వాపు, కింద నుంచి చీము, కలయికలో గుచ్చుకోవడం, ముందుకు వంగితే గానీ మూత్రం రాకపోవడం, వీటిలో ఏది వచ్చినా, పదేళ్లకు వచ్చినా, ఈ కార్డు చూపించమని ఆమెకు చెప్పండి. సంఘాల పెద్దలు పూనుకుంటే ఈ కార్డు నమూనా ఒక్క సమావేశంలో తయారవుతుంది. ఏ ఆసుపత్రిలో వేసినా, ఏ ఆసుపత్రిలో తీసినా ఒకే చోట రాసే రిజిస్టర్‌కు ఎక్కువ కాలం, ఎక్కువ డబ్బు కావాలని నాకు తెలుసు. అది ఆలస్యమైనా కార్డు ఆలస్యం కానక్కర్లేదు.

మీ తోటి డాక్టర్లకు కూడా ఒక మాట చేరవేయండి. ఇన్ఫెక్షన్‌కు మందు రాసే జనరల్ డాక్టర్లకు, తొడ చూసే ఎముకల డాక్టర్లకు, స్కానింగ్ చేసే వాళ్లకు. ఆడవాళ్లను "ఏదైనా ఆపరేషన్ అయిందా" అని మాత్రమే అడిగి వదిలేయొద్దని చెప్పండి. "కింద టేపు గానీ మెష్ గానీ వేశారా, గర్భసంచి తీసినప్పుడు మూత్రం కోసం కూడా ఏదైనా చేశారా" అని అడగమనండి. మామూలు సీటీలో టేపు సరిగా కనిపించదు. కింది భాగం మీద ప్రోబ్ పెట్టి చేసే అల్ట్రాసౌండ్‌లో బాగా కనిపిస్తుంది. సీటీలో ఏమీ లేదు కాబట్టి మీకేమీ లేదు అన్న మాట మాలో ఎంతమంది విన్నారో లెక్కలేదు.

నా మూత్రాశయంలోని టేపు ముక్కను, దాని మీది రాయిని తీసేశారు. ఇన్ఫెక్షన్లు ఆగాయి. మూత్రం పడిపోవడం కొంత తిరిగి వచ్చింది. అలా రావొచ్చని ఆ డాక్టర్ గారు ముందే చెప్పారు కాబట్టి కుంగిపోలేదు. రోజూ వ్యాయామం చేస్తున్నాను. ఆయన తీసిన ముక్క పొడవు, ఇంకా లోపల మిగిలి ఉన్న భాగం ఎటువైపు ఉందో బొమ్మ గీసి నాకు ఒక కాగితం ఇచ్చారు. దాన్ని లామినేట్ చేయించి పర్సులో పెట్టుకున్నాను.

రేపు మీ లిస్టులో స్లింగ్ కేసు ఉంటే, ప్యాకెట్ విప్పేటప్పుడు ఒక స్టిక్కర్ పేషెంట్ కోసం తీసి పక్కన పెట్టమని మీ థియేటర్ నర్సుకు చెప్పండి. అవి ఆ పెట్టెలో ఎక్కడ ఉంటాయో ఆమెకు తెలుసు.

ఇట్లు,
ఒకప్పటి థియేటర్ నర్సు, టేపు వేయించుకున్న పేషెంటు